మూఢం పోయేదాకా

కొత్తది వస్తా ఉందంట.
ఎప్పుడో తెలీదు, ఎంతో తెలీదు.
గాంధీ రోడ్డు కెమెరా షాపు గుణశేఖరు
పెళ్ళిసంబంధం సంగతి మోసుకొచ్చినట్టు
గొంతు తగ్గించి చెప్పినాడు:
"ఒక్క రెండు నెలలు ఆగక్కా."

ఆగడానికేముంది, ఇప్పుడు మూఢం.
ముహూర్తాల్లేవు.
కొర్లగుంటలో స్టూడియో తెరిచి, ఊడ్చి,
పాస్‌పోర్టు ఫోటోల నీలం గుడ్డ ముందు
నేనే కూర్చుంటా ఉండా.

పాతది ఒళ్ళో ఉంది.
ఏడేళ్ళు. రెండు లక్షల ఎనభై వేల టక్కులు.
పోయిన వారం సర్వీసులో లెక్క తీసి
చెప్పలేక చెప్పినారు, డాక్టర్ల మాదిరి.
పట్టుకునేచోట రబ్బరు లేస్తే ఫెవిక్విక్కుతో అతికించినా;
ఆ గతుకు నా వేలికి తప్ప ఎవరికీ తెలీదు.
ఫ్లాషు తగిలించే సందులో ఒక అక్షింత గింజ,
ఎవరి పెళ్ళిదో.
సూదితో తియ్యబోయి మానుకున్నా.
బటన్ల చుట్టూ గంగమ్మ జాతర కుంకుమ,
బండవేషం కట్టిన పిల్లోడు
బూతులు తిడతా మీదికి ఉరికొచ్చిన పొద్దుది.

కొత్తదాంట్లో అద్దమే ఉండదంట.
కళ్ళు యాడున్నా అదే వెతికి పట్టుకుంటాదంట.
దీని అక్క, పోయినేడు వచ్చింది, షాపులో ఉంటే
గోడ మీద క్యాలెండరుకు గురిపెట్టినా.
పచ్చ చదరం నామం చుట్టూ తిరిగింది, తిరిగింది,
సామి కళ్ళు దొరకలా.
అలిసిపోయి
బిల్లు రాస్తా ఉన్న గుమాస్తా మొహం మీద వాలింది.
నవ్వొచ్చింది.
భుజానికి తగిలించుకున్నాక నవ్వు పోయింది.
ఎంత తేలిక!

తెల్లారి మూడింటికి పెళ్ళికూతురి గదిలో మొదలు,
ఆడమనిషినని పిలుస్తారు
జడ కుట్టేకాడికి, చీర మార్చేకాడికి,
ఆఖరి బంతి లేచేదాకా.
మర్నాడు తల దువ్వుకోను కుడిచెయ్యి లేవదు.
గుణశేఖరుకు ఈ మాట చెప్పలా.
చెప్తే రేటు పెరుగుతాది.

పాతదానికెంతిస్తావంటే
తిప్పి తిప్పి చూసి "ఇరవై రెండు వేలు" అన్నాడు.
లెన్సులకు అడాప్టరు వేరే.
మిగతాదానికి ముప్పై కంతులు.
మూఢానికీ కంతు కట్టాల.

తిరుచానూరు పెళ్ళిలో తాళి వేళకి కరెంటు పోయింది.
ఆ ఫోటో ఫోన్లో పెద్దది చేసి
"ఏందక్కా, ఇసక చల్లినట్టుంది" అన్నాడు పెళ్ళికొడుకు.
నిజమే. ఇసకే.
కొత్తదైతే చీకట్లో మీసాల వెంట్రుకలు లెక్కపెడతాదంట.

అన్నీ సరే. సప్పుడు చెయ్యదంట,
అదే నాకు మింగుడు పడలా.
టక్‌మన్నాకనే కదా జనం
బిగబట్టిన పొట్టలు వదిలేది,
అత్త మొహం కోడలి పక్క తిరిగేది.
మొదటి టక్కు వాళ్ళది, రెండోది నాది.
ఇన్నేళ్ళు ఆ రెండోదానిమీదే తిన్నా.
సప్పుడే లేకపోతే
వాళ్ళకెట్ల తెలుస్తాది, అయిపోయిందని?

సాయంత్రం పక్కకొట్టు చెంగల్రాయుడి తక్కెట్లో
ఉల్లిగడ్డలు దించి దీన్ని పెట్టమన్నా.
రెండు కేజీల నూటయాభై.
"దేనికక్కా తూకం? అమ్మేస్తా ఉండావా?"
అందులో ఒక బియ్యపుగింజ బరువు తీసెయ్యి అన్నా.
వాడు నన్ను ఎగాదిగా చూసి
ఉల్లిగడ్డలు మళ్ళీ ఎక్కించుకున్నాడు.

మూఢం ఎప్పుడు పోతాదబ్బా,
నీ క్యాలెండరులో చూడు.