ఇతర ఖర్చులు

జుబైల్ క్యాంపుల మస్టర్ నా చేతిలుంటది.
ఎవడు ఎన్ని గంటలు ఎండల నిలబడ్డడో
నేను రాస్తెనే లెక్క.
రాయకపోతె వాడు ఆ రోజు బతకనట్టే.

బేస్తారం పొద్దుగూకంగ
హెడ్డాఫీసు కారొచ్చింది.
ఫోర్‌మన్ పేర్లు చదివిండు:
హన్మాండ్లు, భూమేశ్, గంగనర్సు, మొయినొద్దీన్...
నూటా పద్దెనిమిది మంది.
ఊరికి పోవాలె, ఓటెయ్యాలె, మల్ల రావాలె.
టికెట్టు కంపెనీది, రీ-ఎంట్రీ కంపెనీది,
మధ్యల మూడు దినాల కూలి గూడ కంపెనీదే.

"మరి నాలుగు నెల్ల జీతం?" అన్నడు హన్మాండ్లు.
"అది వేరే ఫైలు."

రీ-ఎంట్రీ ముద్ర
ఒక్క రాత్రిల పడ్డది.

మార్చిల లింబాద్రి పరంజ మీదికెళ్లి పడ్డప్పుడు
గసొంటి ముద్ర కోసమే
దమ్మాం మార్చురీల నలభై ఒక్క దినం పండవెట్టిండ్రు.
రోజూ మస్టర్ల వాని గడికాడికొచ్చి ఆగేటోన్ని.
ఆబ్సెంటు అని రాయడానికి చెయ్యి రాకపోయేది.
మంచులున్న మనిషి
డ్యూటీకి రాలేదని ఎట్ల రాస్తం?

ఎయిర్‌పోర్టుల ఎవని పాస్‌పోర్టు వాని చేతికిచ్చిండ్రు,
రెండేండ్లకు.
ఫోటోలున్నోడు తనేనా అని
మొయినొద్దీన్ అద్దం తలుపుల చూసుకున్నడు.

వాగు ఇవతలి ఊర్లోళ్లకు ఒక రంగు రుమాలు.
వాగు అవతలోళ్లకు, వాళ్లది వేరే నియోజకవర్గం,
ఇంకో రంగు రుమాలు.
అక్కడ ఆ రెండు రంగులు ఎదురైతె
తలకాయలు పలుగుతయి.
ఇక్కడ ఒక్క అట్టపెట్టెలకెళ్లే తీసి పంచిండ్రు.

తెల్లారి మెస్సుల బియ్యం సగమే కడిగిండ్రు.
బస్సులు ఖాళీగ పోయి
ఖాళీగ వచ్చినయి.
ఫోన్ చేసి అడిగిన: ఏం రాయాలె సార్?
"సైట్‌లనే ఉన్నరని రాయి."
రాసిన.
నూటా పద్దెనిమిది హాజర్లు,
మనిషికి నాలుగు గంటల ఓవర్‌టైం.
పని అనే గడిల ఏం పెట్టాల్నో తెల్వక
'ఫినిషింగ్' అని పెట్టిన.

ఈజిప్టు అకౌంటెంట్ మహ్రూస్
రెండు వోచర్లు నా ముందటేసి
స్పెల్లింగ్ సరిజూడుమన్నడు.
నంబర్లు పక్కపక్కనే, సంతకం ఒక్కటే.
ఒకటి ఇవతలి పార్టీకి, ఒకటి అవతలి పార్టీకి.
రెంటి మీద గూడ 'ఇతర ఖర్చులు'.
రాజకీయం నాకేం తెల్సు, కూడికలే తెల్సు.
కాని పత్తలాటల
ఇద్దరి చేతుల పత్తలూ ఒక్కడే పంచి
ఇద్దరికి పైసలు ఒక్కడే ఇచ్చినంక
గెలిచిందెవరని మనం పొద్దంత టీవీ ముందట కూసునుడేంది?

మంగళారం అందరొచ్చిండ్రు.
వేలికి సిరా, సంచిల మామిడికాయ తొక్కు.
భూమేశ్ మాట్లాడలె.
పిల్ల నిద్రల ఉంటె చూసి వచ్చిండంట,
లేపితె ఏడుస్తదని లేపలేదంట.

గంగనర్సు నా మంచం మీద కూసుండి
మెల్లగ చెప్పిండు:
"లింబాద్రి ఓటు గూడ పడ్డది.
లిస్టుల వాని పేరు మీద గీత గొట్టి ఉన్నది. నా కండ్లతోని చూసిన."

వాన్ని ఊరికి పంపనీకి నలభై ఒక్క దినాలు.
వాని వేలు బూతుకు చేరనీకి
ఎంతసేపు పట్టిందో!

నెలాఖరుకు చీటీలొచ్చినయి.
కోత: టికెట్ అడ్వాన్స్, ఆరు వందల ఇరవై రియాళ్లు.
హన్మాండ్లు చీటీని అటు తిప్పి, ఇటు తిప్పి,
"మనమే కొనుక్కున్నమా" అన్నడు.
ఏం కొనుక్కున్నమో
ఎవ్వలూ అడగలె.

ఆ రాత్రి మస్టర్ తెరిచిన.
లింబాద్రి వరుసల, పోలింగు రోజు గడిల,
హాజరు వేసిన. ఎనిమిది గంటలు.
పని: కంపెనీ పని.

దొరకవడ్తననుకున్న.
దొరకవట్టాల్నని గూడ అనుకున్న.
ఎవడన్న అడిగితె చెప్పనీకి
ఒక మాట తయారు చేసుకుని వారం తిరిగిన.

ఎవ్వడు అడగలె.
నలభై రియాళ్లు పాసయినయి.
బకాయిలల్ల కలిపిండ్రు.