ఏడో గడి

లైసెన్సు దరఖాస్తులో ఏడో గడి:
శరీర లోపాలు, ఉంటే.
కొప్పోలు మాల్యాద్రి, అరవై కిలోలు, చీమకుర్తి.
పెన్ను అక్కడ చాలాసేపు ఆగింది.
లేవు అని రాశాడు. కొట్టేసి మళ్లీ రాశాడు:
ఎడమ చెవి వినపడదు. క్వారీ పేలుడు. పదేళ్లప్పుడు.
"ఎవురికీ చెప్పబాక మేడం."

డాక్టరు ఫిట్ అని సంతకం పెట్టాడు.
నేను బీరువాకి తాళం పెట్టాను.

నెల్లూరు కోచ్ వచ్చాడు, మలైకాజా పొట్లంతో.
"ఆ చీమకుర్తోడికి ఎక్కడన్నా దెబ్బుందామ్మా, ఒక్క ముక్క."
మంచినీళ్లిచ్చి పంపాను.
గొప్పేం కాదు, జీతం అందుకే.

ఒంగోలు స్టేడియం, రెండో రౌండు.
గంట మోగింది, వాడి ఎడమవైపు.
వినపడక ఇంకో గుద్దు గుద్దాడు.
అవతలి కుర్రాడు కూలబడ్డాడు.
"దొంగదెబ్బ!" గ్యాలరీ అంతా ఒకటే కేక,
నీళ్ల సీసాలు,
రిఫరీ వేలు, పాయింటు కోత.

బల్ల దగ్గర నేను లేచాను.
నోట్లో ఏడో గడి
కంకరరాయిలా.
తాళ్ల మీదుగా మాల్యాద్రి నాకేసి చూశాడు,
వద్దన్నట్టు
కొంచెంగా తల ఊపాడు.

కూర్చున్నాను.
ఆ కేకల్లో సగమే వాడికి చేరి ఉంటాయి.
మిగతా సగం
ఇంకా నా చెవిలో.