తడిసినంక చెప్త

మండి బజార్ల మొయిజ్ భాయ్ దుకాణం.
అత్తరు సీసాల ఎనక, సుర్మా డబ్బాల కింద
అద్దాల పెట్టెల నాలుగు బ్రష్షులు.
"నాలుగూ బ్యాడ్జర్‌వే గట్టన్నా, దేనికదే సాటి."
అందరూ అట్లనే అంటరు.
పొడిగున్నప్పుడు ఏ కుచ్చయినా నిజమే చెప్తది.
చెంబెడు గోరెచ్చటి నీళ్లు తెప్పియి భాయ్,
తడిసినంక చెప్త.

కాజీపేట టేషన్ ఎదురుంగ నా దుకాణం.
బొగ్గు మసి చెంపలు మా నాయిన గీసిండు,
డీజిల్ వాసన చెంపలు నేను గీసిన,
నలభై ఏండ్లు.
పంది వెంట్రుక బ్రష్షులు ఎన్ని అరిగినయో లెక్కలేదు.
ఇప్పుడన్నీ వాడి పారేసేటియే,
నురుగు గూడ డబ్బాల నుంచి బుస్సుమంటది.
ఇది దుకాణానికి గాదు.

మొదటిది ముంచంగనే
నీళ్లు చాయ్ రంగుకు తిరిగినయి.
పందికి రంగేసి పట్టీ దిద్దిండ్రు.
మొయిజ్ భాయ్ గల్లా పెట్టె దిక్కు చూసిండు.
నేనేం అనలే. మాదీ రంగేసే పనే,
యాభై దాటినోళ్లను ఎంతమందిని నల్లగ చేసి పంపలే!

రెండోది మెత్తగుంది, మరీ మెత్తగ.
వేలితోటి వంచితే వంగింది, లేవలే.
నురుగును తాగుడే గాని ఇచ్చుడు తెల్వని కుచ్చు.
అసోంటి బామ్మర్ది ఒకడున్నడు నాకు.

మూడోది మంచిదే.
మొదట్ల తెలుపు, నడుమ నలుపు, కొసకు మళ్ల తెలుపు.
ఆ జంతువును నేను చూడలే,
యాడనో చలిదేశంల మన్ను తవ్వుకొని బతుకుతదట.
దాని ఈపు మీది వెంట్రుక నా మెడ కాడికి వచ్చిందంటే
ఎన్ని చేతులు మారిందో.
పిడి మాత్రం కొమ్ము లెక్క కనవడే ప్లాస్టిక్,
సబ్బు చెయ్యికి జారుతది.

"అరచేతిల రాసి చూడు" అంటడు భాయ్.
నా అరచేతికేం ఎరుక?
పటిక, డెటాల్, కత్తి.
ఎప్పుడో చెప్పు తోలయింది అది.
కండ్లు మూసుకొని చెంపకు పెట్టుకున్న.

ఆదివారం రాత్రి షట్టర్ సగం దించి
నేను ఓదెలుకు, ఓదెలు నాకు.
ముప్పై మూడేండ్లు.
గొంతు కాడి నుంచి మొదలువెట్టేటోడు,
మూడు చుట్లు కుడికి, ఒకటి ఎడమకు,
చెవి కింద జరసేపు ఆగేటోడు.
మాట యాదికొచ్చి ఆగిండో, చెయ్యి నొచ్చి ఆగిండో
నేనడుగలే, నురుగు నోట్లకు పోతదని.
పోయిన కార్తీకంల
వాని గడ్డం నేనే గీసిన.
గదువ వాడు ఎత్తలే. నేనే ఎత్తిన.
ఆ బ్రష్షు వానితోటే పంపిన.

నాలుగోదానికి ధర చీటీ గూడ లేదు.
దుమ్ము. కట్టె పిడి. ఏ కట్టెనో.
రెండు నిమిషాలు నానవెట్టి దులిపితే
తడిసిన కుక్కపిల్ల వాసనొచ్చింది.
మొయిజ్ భాయ్ ముక్కు మూసుకున్నడు,
నాకు మాత్రం నమ్మకం కుదిరింది.
చెవి కింద పెట్టిన.
ఆగింది.

"పద్దెనిమిది వందలు."
"పన్నెండు."
"నీ కుర్చీల కూసున్ననాడు నేనెప్పుడన్న బేరం చేసిన్నా గట్టన్నా?"
చెయ్యలే. పదిహేనుకు తెగింది.
"కొత్తల రెండు వెంట్రుకలు రాలుతయి, పరేషాన్ గాకు."

ఇంట్ల అద్దం ముందట కూసున్న.
ఏ డ్రైవర్ చెంప మీద వెంట్రుక ఎటు మళ్లి మొలుస్తదో
చీకట్ల గూడ చెప్త.
నా చెంప కాడికొచ్చే వరకు చెయ్యి తొవ్వ తప్పింది.
ఎదురుంగున్నోని కుడి నా కుడి గాదు,
వాడు గదువ ఎత్తమంటే ఎత్తుతలేడు,
నన్నే చూస్తున్నడు.

గొంతు కాడి నుంచి.
మూడు కుడికి. ఒకటి ఎడమకు.

కడిగి, దులిపి, తల కిందికి చేసి మొలకు ఏలాడదీసిన.
నురుగుల రాలినయి ఏరి
తువ్వాల మీద పెట్టి లెక్కవెట్టిన.
మూడు.

రెండే అన్నడు గదా మొయిజ్ భాయ్.
ఆదివారం, షట్టర్ దించినంక,
పోయి అడగాలె.