మడవ

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, మెట్ల కింద నా డీటీపీ గది.
పెళ్ళి కార్డులు, వర్ధంతి ఫ్లెక్సీలు, కోర్టు కాగితాలు,
పదహారేళ్ళుగా అన్నీ పేజ్‌మేకర్‌లోనే.
ఆయన పదకొండు లెడ్జర్లు ఎరువుల సంచిలో తెచ్చి
బల్ల మీద దించినప్పుడు
కీబోర్డు సందుల్లోకి ఇసుక రాలింది.

కాలవ మీద లష్కరుగా చేసి దిగిపోయిన మనిషి, పెంచలనరసయ్య.
నీళ్ళు పారిన ఊరూరా మాటలు ఏరుకున్నాడు.
"అచ్చులో పదమూడొందల పేజీలు దాటుద్దేమో అమ్మే!"

పేజ్‌మేకర్‌లో అక్షరం అందగత్తె.
వత్తు కింద వత్తు కుదురుగా కూర్చుంటుంది.
కానీ నలభయ్యో పేజీలో ఒక్క మాట దూర్చామా,
తర్వాతి పేజీలన్నీ గట్టు తెగి
చివరి పట్టికలో ప్రతి అంకే అబద్ధం.
వర్డు మూడొందల పన్నెండో పేజీ దగ్గర తెల్లబోయింది,
టీ తాగి వచ్చినా కదల్లేదు.
ఇన్‌డిజైన్‌కి నెలనెలా అద్దె;
ఈ పుస్తకం ఏ నెలకు తెమిలేదో ఆయనకే తెలీదు.

"లేటెక్ పెట్టు ఖాలా, ఉత్తినే వస్తుంది" అన్నాడు
కావలిలో ఇంజనీరింగు చదివే మా అక్క కొడుకు జిలానీ.
తెర మీద పేజీ కనపడదు.
వెనక్కి వాలిన గీతలు, మీసాల బ్రాకెట్లు,
ఒక మీసం మరిస్తే నలభై తిట్లు.
బండి ఱ అడిగితే ఖాళీ డబ్బా చూపించింది.
"కళ్ళకు ఆనకుండా ఎట్టారా పేజీ కట్టేది?"
రెండు రాత్రులు దాన్నీ వాణ్ణీ కలిపి తిట్టాను.

నరసయ్య వెనక స్టూలు మీద అంతా విన్నాడు.
"అక్షరానికో ఫైలా?"
"ఊఁ."
"ఒకటి తవ్వితే రెండోది చెడదా?"
"చెడదు. అంకెలు వాటంతటవే సర్దుకుంటాయంట."
"అయితే కయ్యకో గట్టుంది. అదే పెట్టు."

అది జరిగి తొమ్మిది నెలలు.
మొన్న ఆఖరి ప్రూఫు చంకన పెట్టుకుని
ఎండలో నడిచొచ్చి గడపలోనే ఆగిపోయాడు,
గాజు పగలగొట్టిన పిల్లోడిలా.
"ముప్పై నాలుగేళ్ళు రోజూ ఈ చేత్తోనే తిప్పాను.
రాయడం మరిచా."
"ఏది?"
"మడవ."

మ ఫైలు తెరిచాను.
మడమకూ మడికీ మధ్య
రెండు వరుసలు టైపు చేసి, ఎంటర్ కొట్టి
ఫ్యాను కింద ఇద్దరం కూర్చున్నాం.
నల్లతెర మీద పేజీల అంకెలు
తొమ్మిదొందల డెబ్బై, డెబ్బయ్యొకటి,
ఒకదాన్నొకటి నెట్టుకుంటూ దిగుతున్నాయి.
ఆయన పంచె పైకి మడిచి
పాదాలు రెండూ స్టూలు మీదికి తీసుకున్నాడు,
నీళ్ళొస్తున్నట్టు.