యావరేజ్

ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీద
లెక్కల సారు ఎర్ర సిరాతో రాసిన మాట:
యావరేజ్.
తిట్టో మెప్పో తేలక
అమ్మ దాన్ని బియ్యం డబ్బా కింద పెట్టింది.

ఇరవై రెండేళ్ళ తర్వాత, షార్జా ఖోర్ ఒడ్డున,
చెక్క పడవల పక్కన
బస్తాలు లెక్కపెట్టే గుమాస్తాను.
జూలై. గాలికే చెమట పడుతోంది.
బోసాసో పోవాల్సిన పడవలోకి నీళ్ళు చొరబడి
నూట పన్నెండు చక్కెర బస్తాలు
పాకమై కారుతున్నాయి.

సర్వేయర్ ఇద్రీస్, పోర్ట్ సూడాన్ మనిషి,
ఒక్కో బస్తాలో వేలు గుచ్చి చూసి
కాగితం మీద కుడి నుంచి ఎడమకి ఒకే మాట రాశాడు.
ఏంటది అన్నాను.
"అవార్. చెడిపోయిన సరుకు" అన్నాడు,
అరబ్బీ కలిసిన హిందీలో.
"ఇంగ్లీషోడి యావరేజ్‌కి పుట్టిల్లు."

తుఫానులో ఓడ మునగబోతే
ఎవడిదో ఒకడి సరుకు నీళ్ళలోకి తోసేవారట.
ఒడ్డు చేరాక, సరుకు దక్కినవాళ్ళంతా
పోయినవాడి నష్టంలో తలా కొంత మోసేవారట.
ఆ మోతకే ఆ పేరు.
ఇటలీ రేవుల్లో గొంతు మార్చుకుని
లెక్కల పుస్తకాల దాకా ఈదుకెళ్ళి
చివరికి నా కార్డు మీద తేలింది.

"కొందరు పండితులు ఒప్పుకోరులే,
వాళ్ళు పడవెక్కి ఉండరు" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మా రూము గుర్తొచ్చింది.
పోయిన నెల క్రేను గొలుసు తెగి
రాజలింగు కుడిచెయ్యి నలిగింది.
కంపెనీ టికెట్ కొనిచ్చింది, అంతే.
మంచం అద్దె, ఆస్పత్రి బిల్లు,
కోరుట్లలో ఏజెంటు బాకీ.
ఏడుగురం కింద కూచుని
సిగరెట్ పెట్టె వెనక భాగారం వేశాం.
తలా రెండువందల పది.
సమ్మయ్య దగ్గర నూటయాభయ్యే ఉన్నాయి.
తక్కువైన అరవై ఎక్కణ్ణుంచి వచ్చాయో
ఎవరూ అడగలేదు.
లెక్క సరిపోయింది.

మనం దాన్ని సరాసరి అంటాం.
నేరుగా అనడానికీ అదే మాట.
రాజలింగు సరాసరి ఇంటికి పోయాడు,
ఎడమచేత్తో బ్యాగు,
బోర్డింగ్ పాసు పళ్ళ మధ్య.

ఇద్రీస్ సంతకం పెట్టమన్నాడు.
పెట్టాను.
వేళ్ళకి పాకం అంటింది,
కలం ఒక పట్టాన ఊడి రాలేదు.