వీపు మీద పదిహేడు

మ్యాచ్‌లో నీ మొహం నేనెప్పుడూ చూడలేదు, కపాంబ్వే.
గోల్‌కీపర్ని కదా,
నాకు దక్కింది నీ వీపు.
అరవై గజాల అవతల చెమటకి అంటుకుపోయిన పదిహేడో నంబరు.
గోల్ పడితే రెండు చేతులూ పైకి లేచేవి.
వెనకనుంచి చూస్తే
ఎవరికో లొంగిపోతున్న మనిషిలా ఉండేదానివి.

నువ్వొచ్చిన ఏడాది నార్విక్‌లో మార్చి దాటుతున్నా మంచే.
ముఫులిరా నుంచి మూడు విమానాలు మారి,
ఎవరిదో కోటు, చేతులు మడిచి తొడుక్కుని దిగావు.
రేవులోకి ఇనుపరాయి బండి వస్తుంటే ఆగి విన్నావు.
"మాది రాగి. చప్పుడు మాత్రం ఇదే" అన్నావు.
నాతో అన్న మొదటి మాట అది.

చాన్నాళ్ళకి చెప్పావు,
కొలిమి పొగని మీవాళ్ళు సెంతా అంటారని,
అది వాడ మీదికి దిగిన రోజు
పిల్లలు మూతికి తడిగుడ్డ కట్టుకుని ఆడేవారని,
ప్లాస్టిక్ సంచులు చుట్టి చుట్టి తాడేసి బిగించిన బంతి
ఎంత తన్నినా పైకి ఎగరదని,
అందుకే నీ షాట్లన్నీ నేలబారుగా పోతాయని.

ఆ నేలబారు షాట్ల సంగతి నన్నడగాలి.
పదకొండేళ్ళు ప్రాక్టీసులో వాటికి ఎదురు నిలబడ్డదాన్ని.
ఎడమ చిటికెనవేలు ఇప్పటికీ వంకరే,
నీ పుణ్యమా అని.

మొదటి సీజన్ ఒక్క గోలూ లేదు.
పేపర్లో ఏదో రాశారు, చదివిపెట్టమన్నావు.
"ఎండదేశపు పిల్ల, చలికి కొయ్యబారింది" అని ఉంది.
"వేగం బాగుందంట" అన్నాను.
రెండేళ్ళకి, భాష పట్టుబడ్డాక,
దాచుకున్న ఆ ముక్క తీసి బస్సులో చదువుకున్నావు.
నా వైపు చూడకుండా నవ్వావు.

కాగితం మీద ప్రొఫెషనల్‌వి.
ప్రతి డిసెంబరులో ఒక్క ఏడాదికే సంతకం.
పొద్దున బాలబడిలో పిల్లల ముక్కులు తుడవడం,
సాయంత్రం మైదానం,
మగవాళ్ళ జట్టు వేణ్ణీళ్ళన్నీ వాడేశాక స్నానం.

జనం గోల్స్ లెక్కపెట్టేవారు.
నాకు వేరే పనేముంది, నీ పరుగులు లెక్కపెట్టేదాన్ని.
ఒక ఆదివారం నలభై మూడు.
బంతి వచ్చింది రెండింటికి.
తక్కిన నలభై ఒక్కసారీ
డిఫెండర్ని భుజాన మోసుకుంటూ దూసుకుపోయి,
ఆగి,
వెనక్కి నడిచొచ్చావు.
చెయ్యి విదిలించడం లేదు, అరుపు లేదు.
బస్సు తప్పిపోయినవాళ్ళు
తర్వాతి బస్సు కోసం నిలబడ్డట్టు.
ఆ నడకకే నీకు జీతమిస్తున్నారనిపించేది.

మోకాలు తెగినప్పుడు చప్పుడు నా దాకా వచ్చింది.
అంతదూరం వినపడదంటాడు డాక్టరు.
వినపడింది.
పొద్దు పొడవని నెలలన్నీ ఈతకొలనులో
నడుము లోతు నీళ్ళలో నడిచావు.
తిరిగొచ్చాక ఆ వేగం లేదు.
బంతి కన్నా ముందే వెళ్ళి నిలబడ్డం నేర్చుకున్నావు.
అప్పటికే తూరున్ వచ్చింది, పంతొమ్మిదేళ్ళది, జింకపిల్ల.
బెంచీ మీంచి దానికి అరిచి చెప్పేదానివి,
"పరిగెత్తాక నడిచి రా! నడిచి రా, తలదించకు!"

ఈసారి ఒప్పందం జూన్ దాకానే రాశారు.
సగం ఏడాది.

ఆఖరి ప్రాక్టీసు. రాత్రి పదకొండు, ఆరని ఎండ.
అందరూ వెళ్ళారు. "ఇంకొక్కటి" అన్నావు.
నేలబారుగా, ఎడమ మూలకి.
వంకర వేలి కొసకి తగిలి ఆగింది.

"కావాలని ఆపనిచ్చావా?"

మాట్లాడలేదు. బంతి ఇమ్మన్నట్టు చెయ్యి చాపావు.
నేనివ్వలేదు.
మొహం ఇటే ఉంది, నిజమే,
కానీ పొద్దు సరిగ్గా నీ వెనకుంది.
గేటు దగ్గర తాళంచెవులు గలగలలాడిస్తున్నాడు కాపలావాడు.