ప్రతిస్పందన గడి

కనిగిరి బళ్ళో నా ఏడో పాఠం.
పాఠ్యపథకంలో చివరి గడి
పిల్లల ప్రతిస్పందన.
రాత్రే ఊహించి నింపేశాను.

"నీళ్ళకి రంగుంటుందా?"
ఉండదు అనాలి.
మూడో బెంచీలోంచి మాలకొండమ్మ లేచింది,
నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని:
"మా బోరు నీళ్ళకుంటది టీచర్.
తాగినాక పళ్ళ మీద తేలుద్ది."

క్లాసంతా నవ్వింది.
ముప్పై అరచేతులు ముప్పై నోళ్ళ మీదికి.

వెనక కూర్చున్న మా లెక్చరరు
పెన్ను మూత తీసి, అట్లాగే ఉండిపోయాడు.

వైయక్తిక భేదాల మీద
ఆరు పేజీలు రాసి పాసైనదాన్ని.
ఇక్కడ ఏ భేదమూ లేదు.

నా చెయ్యి ఎప్పుడు లేచిందో,
పొదిలి బోరు నీళ్ళు తాగి పెరిగిన నా నోటి మీదికి.

దించాను.
పళ్ళన్నీ కనపడేట్టు నవ్వాను.

మాలకొండమ్మ చెయ్యి
సగం దాకా దిగింది.

రికార్డులో ఆ గడి కొట్టేశాను.
సంతకం ఇంకా కాలేదు.